బాయ్‌కాట్ అనే ఇంగ్లీషు క్రియ ఎక్కడ పుట్టింది? బ్యాన్‌కూ దానికీ తేడా ఏమిటి?

బాయ్‌కాట్, బ్యాన్ ఒకటేనా, మొదటి మాట ఎలా పుట్టింది అని మీరు అడిగారు. తెలుగు దినపత్రిక డెస్కులో చాలాకాలం ఏజెన్సీ వార్తలను అనువదించిన నాకు ఈ క్రియతో తరచూ పని పడేది కనుక, తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ఒక వ్యక్తితో గాని, సంస్థతో గాని, సరుకుతో గాని ఏ సంబంధమూ పెట్టుకోకూడదని కొందరు కూడబలుక్కుని దూరంగా ఉండడమే బాయ్‌కాట్ చేయడం. బ్యాన్ విధించడానికి అధికారం కావాలి. బాయ్‌కాట్‌కు అది అక్కర్లేదు; కొనడం, వెళ్లడం, మాట్లాడడం అందరూ కలిసి మానుకుంటే చాలు.

ఇది నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. కెప్టెన్ చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటుగా ఉండేవాడు. 1879లో పంటలు దెబ్బతినడంతో మరుసటి ఏడు కౌలుదార్లు 25 శాతం కౌలు తగ్గించమని కోరగా, ప్రభువు 10 శాతానికి మించి ఒప్పుకోలేదు. బకాయిదారులను భూముల నుంచి వెళ్లగొట్టే నోటీసులు బాయ్‌కాట్ తరఫున బయలుదేరాయి. అప్పటికి కొద్దిరోజుల ముందే, 1880 సెప్టెంబరు 19న, ఐర్లండ్‌లోని ఎన్నిస్ పట్టణంలో జరిగిన సభలో ఐరిష్ నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్, అలా ఖాళీ చేయించిన పొలాన్ని ఎవడైనా కౌలుకు తీసుకుంటే దారిలోనూ, అంగట్లోనూ, చివరికి చర్చిలోనూ వాడిని వెలివేసినట్టు చూడమని రైతులకు చెప్పాడు. ఆ ఆయుధాన్ని మేయో రైతులు ఏజెంటు మీదే ప్రయోగించారు. పొలం కూలీలు, ఇంటి నౌకర్లు పని మానేశారు. కమ్మరి, చాకలి రామన్నారు. దగ్గరలోని బాలిన్‌రోబ్ దుకాణదారులు సరుకులు అమ్మలేదు. మన పల్లెల్లో నిప్పూ నీళ్లూ పుట్టకుండా చేయడం అంటామే, సరిగ్గా అదే. చివరకు ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ నుంచి 50 మంది స్వచ్ఛంద కూలీలు వచ్చి, సైనికుల కాపలాలో పంట తీశారు. సుమారు 500 పౌండ్ల పంటకు 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పటి అంచనా.

ఈ శిక్షకు పేరేమి పెట్టాలన్న చర్చ అమెరికన్ పాత్రికేయుడు జేమ్స్ రెడ్‌పాత్‌కూ, స్థానిక మతాచార్యుడు జాన్ ఓమాలీకీ మధ్య జరిగిందట. వెలివేయడం అనే అర్థమున్న ఆస్ట్రసైజ్ అన్న మాట రైతులకు అర్థం కాదని, ఆ ఏజెంటు పేరునే క్రియగా చేద్దామని ఓమాలీ అన్నట్టు రెడ్‌పాత్ చెప్పాడు. ఆ ఏడాది ముగియకముందే అది లండన్ పత్రికలకెక్కింది; తర్వాత ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషలూ తీసుకున్నాయి.

వాడకంలో ఒక జాగ్రత్త అవసరం. ఇది సకర్మక క్రియ. కర్మ నేరుగా రావాలి. బాయ్‌కాటెడ్ ద క్లాసెస్ అనాలి గాని, మన విద్యార్థులు రాసే బాయ్‌కాటెడ్ ఫ్రమ్ ద క్లాసెస్ తప్పు. సభకు వెళ్లి మధ్యలో లేచి వచ్చేస్తే అది వాకౌట్. అసలు వెళ్లకపోతేనే బాయ్‌కాట్. తెలుగులో బహిష్కరణ పరిధి ఇంకా పెద్దది: పార్టీ నుంచి బహిష్కరించారన్నప్పుడు ఇంగ్లీషులో ఎక్స్‌పెల్ రావాలి, బాయ్‌కాట్ కుదరదు. 1905 నాటి విదేశీ వస్తు బహిష్కరణకు, 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణకు మాత్రం అది చక్కగా సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది కర్త ఎవరన్నది. మేయోలో ఇది బలహీనుల ఆయుధం. మన ఊళ్లలో దళితులకు పని, సరుకులు, పాలు అందకుండా చేసినప్పుడు ఇదే మాట బలవంతుల దౌర్జన్యానికి పేరవుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా పేర్కొంది. అలాంటి వార్త వచ్చినప్పుడు, గ్రామం బహిష్కరించింది అన్న వాక్యాన్ని నేను అలాగే వదిలేవాణ్ణి కాదు. వెలికి గురైనవారూ ఆ గ్రామస్థులే కనుక, తీర్మానం చేసింది ఎవరో విలేకరిని అడిగి తెలుసుకుని, వారినే కర్తగా రాయించేవాణ్ణి.