ఒకే మనిషిలో రెండు రకాల హెచ్‌ఐవీ ఉంటే ఎలా కనిపెడతారు?

మామూలు హెచ్‌ఐవీ టెస్టు దీనికి పనికిరాదు. అందులో ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తెలుస్తుందే గానీ, సోకింది ఒక వైరసా రెండా అన్నది తెలియదు. రక్తంలోని వైరస్ జన్యుక్రమాన్నే చదవాలి. జన్యుక్రమం చదివే పాత సాంగర్ పద్ధతిలో, రక్తంలోని మొత్తం వైరస్‌లో సుమారు 20 శాతం కన్నా తక్కువున్న రకం తరచూ కనపడకుండా పోతుంది. ఒకే భాగాన్ని ఎన్నోసార్లు చదివే డీప్ సీక్వెన్సింగ్ అయితే అంతకంటే చాలా తక్కువున్నదాన్నీ పట్టేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. ఒక్క వైరస్సే సోకినా, అది ఒంట్లో మారుతూ ఎన్నో రూపాలెత్తుతుంది. తేడా కనపడగానే రెండోది అనేయకూడదు. అందుకే ఎన్వ్, గ్యాగ్, పోల్ వంటి వైరస్ జన్యువుల క్రమాలతో, ఇతరుల వైరస్‌లనూ చేర్చి వంశవృక్షం గీస్తారు. ఆ మనిషి వైరస్‌లన్నీ ఒకే కొమ్మకుంటే ఒకే ఇన్‌ఫెక్షన్. ఇతరుల వైరస్‌లు మధ్యలో వచ్చి అవి రెండు కొమ్మలుగా విడిపోతే రెండున్నట్టు. ల్యాబ్‌లో శాంపిళ్లు కలిసిపోయినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఇంకో శాంపిల్‌తో తప్పకుండా సరిచూడాలి.

రెండోది తర్వాత సోకిందని తేల్చాలంటే దాచిపెట్టిన పాత శాంపిల్ కావాలి. సెక్స్ వర్కర్లు, సూదులు పంచుకునేవాళ్లు వంటి రిస్క్ ఎక్కువున్నవారి దగ్గర కొంతకాలం వరసగా రక్తం తీసుకునేది అందుకే. మందులు మొదలుపెట్టనివారిలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) హఠాత్తుగా పెరిగితే అనుమానించాలి. రెండో రకం మందులకు లొంగనిదైతే చికిత్సే మార్చాల్సి రావచ్చు.