చించిల్లా కుందేలు మేత మానేసింది, పిల్లలు చనిపోతున్నాయి

ప్రశ్న: మా సోవియట్ చించిల్లా కుందేలు (3 కిలోలు) ఈని 5 రోజులైంది. 7 పిల్లల్లో 2 చనిపోయాయి. తల్లి రెండు రోజులుగా దాణా ముట్టడం లేదు, పిల్లల పెట్టెలోకి వెళ్లడం లేదు. పాలు ఎండిపోయాయని కాల్షియం పట్టించాం. మందుల షాపులో యాంపిసిలిన్ క్యాప్సూల్ ఇస్తే నీళ్లలో కలిపి తాగిస్తున్నాం. ఫోన్‌లో చూసి ఇసుక స్నానం కూడా పెట్టాం. ఏం చేయాలి?
– ఓ రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ముందు ఆ యాంపిసిలిన్ ఆపేయండి, ఈ పూట నుంచే. కుందేలుకు యాంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయి. పారుడు మొదలై కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. గేదెకూ కుందేలుకూ ఒకే మందు ఇచ్చే షాపు సలహా వినకండి.

పాలు ఎండిపోవడం కాదు, ఇది పొదుగువాపులా ఉంది. తల్లిని వెల్లకిలా పట్టుకుని ఒక్కో చన్నూ నొక్కి చూడండి. వేడిగా, గట్టిగా, ఎర్రగా ఉంటే అదే. నీలిరంగుకు తిరిగితే బాగా ముదిరినట్టు. జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కాల్షియం దీనికి పనిచేయదు.

పశువైద్యుడి చేత ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేయించండి: కిలో బరువుకు 5 మి.గ్రా., ఉదయం, సాయంత్రం, 5–7 రోజులు. 10 శాతం మందయితే మీ కుందేలుకు పూటకు 0.15 మి.లీ. ఇన్సులిన్ సిరంజితో కొలిచి, 2 మి.లీ. సెలైన్‌లో కలిపి చర్మం కింద ఇవ్వాలి. నొప్పి తగ్గకపోతే తినదు కాబట్టి మెలోక్సికామ్ కిలోకు 0.5 మి.గ్రా. రోజుకోసారి వేయించండి. వేడినీళ్లలో పిండిన గుడ్డతో 10 నిమిషాల చొప్పున రోజుకు 3–4 సార్లు కాపడం పెట్టండి. చీము గడ్డ కడితే డాక్టరే కోయాలి, మీరు పిండకండి. ఒకరోజు తినకపోయినా కుందేలు పేగు కదలిక ఆగిపోతుంది. అందుకే దాణా గుళికలు నానబెట్టి మెత్తగా చేసి 30 మి.లీ. చొప్పున రోజుకు 4 సార్లు సిరంజితో పట్టించండి. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి.

పిల్లల సంగతి. తల్లి కుందేలు రోజుకు ఒక్కసారే, అదీ 3–5 నిమిషాలే పాలిస్తుంది, ఎక్కువగా తెల్లవారుజామున. పెట్టెలోకి వెళ్లడం లేదన్నదాన్ని బట్టి ఏదీ తేల్చలేం, పిల్ల పొట్ట చూడాలి. గుండ్రంగా ఉండి పలుచని చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తే తాగినట్టే. చర్మం ముడతలు పడి, వేలు తగలగానే తల ఎగరేస్తూ వెతుక్కుంటే ఆకలితో ఉంది.

ఇప్పుడు వాటిని తల్లి దగ్గర తాగనివ్వకండి. పాలున్న మరో తల్లి కింద కూడా వేయకండి, జబ్బు దానికీ పాకుతుంది. మీగడ తీయని మేకపాలు, నీళ్లు కలపకుండా, కాచి గోరువెచ్చగా చల్లార్చి, సూది తీసిన 1 మి.లీ. సిరంజితో చుక్క చుక్కగా పట్టండి. ఇప్పుడు పూటకు 4–5 మి.లీ., రోజుకు రెండుసార్లు. వారం నిండాక 6–7, రెండు వారాలకు 12 మి.లీ. పిల్లను బోర్లా పట్టుకోవాలి. వెల్లకిలా తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక తడి దూదితో పొట్ట కింది భాగం మెల్లగా రుద్దితేనే మూత్రం పోస్తాయి. కళ్లు తెరిచేదాకా, అంటే 10–12 రోజుల వయసు వరకు, ఇలా చేయాలి.

ఇసుక స్నానం తీసేయండి. అది ఆండీస్ కొండల్లో ఉండే చించిల్లా అనే వేరే జంతువుకు చెప్పిన సలహా. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి. మీ కుందేలుకు బొచ్చు రంగు పోలికతో ఆ పేరొచ్చింది, అంతే. దీని పిల్లలకు వారం దాకా సరిగా బొచ్చు రాదు, చలికే చచ్చిపోతాయి. పెట్టెలో పొడి గడ్డి, తల్లి రాల్చిన బొచ్చు పరిచి, పైన పాతరకం 40 వాట్ల బల్బు వేలాడదీయండి (ఎల్‌ఈడీ వేడినివ్వదు). పిల్లలు ఒకదానిపై ఒకటి ఎక్కి కుప్పపడితే చలి, విడివిడిగా దూరంగా పడుకుంటే వేడి ఎక్కువైనట్టు.

పెట్టె అంచున చెయ్యి పెట్టి తడిమి చూడండి. మేకు, తీగ మొన ఉంటే చన్ను గీసుకుని అక్కడినుంచే క్రిములు చేరతాయి. తడి గడ్డి కూడా అంతే. పెట్టె కడిగి రోజంతా ఎండబెట్టండి, పంజరం జాలీని బ్లో ల్యాంప్‌తో కాల్చండి. చూడి కట్టిన 28వ రోజుకు శుభ్రమైన పెట్టె పెట్టాలి. తగ్గాక కూడా చన్నుల్లో గట్టి గడ్డలు మిగిలిపోతే ఆ తల్లిని మళ్లీ జత కట్టించకండి.