రియోహా రెడ్ వైన్‌లో వెనిలా వాసన ఎక్కడిది?

స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు రెడ్ వైన్‌లో వెనిలా, కొబ్బరి వాసనలు ద్రాక్షవి కావు, ఎవరో కలిపినవీ కావు. అవి ఓక్ చెక్క పీపావి. పీపా చేసేటప్పుడు లోపలి చెక్కను నిప్పు మీద కాలుస్తారు. అప్పుడు పెరిగే వెనిలిన్ (వెనిలా వాసననిచ్చే పదార్థం), చెక్కలో ముందే ఉండే లాక్టోన్లు (కొబ్బరి వాసననిచ్చే పదార్థాలు) నెలల తరబడి మెల్లగా వైన్‌లోకి దిగుతాయి. రియోహాలో సంప్రదాయంగా వాడే అమెరికన్ ఓక్‌లో లాక్టోన్లు ఫ్రెంచ్ ఓక్‌లో కన్నా ఎక్కువ, కొబ్బరి వాసన అందుకే.

పీపాలో ఎక్కువ కాలం ఉంటే వెనిలా కూడా ఎక్కువే అనుకుంటారు చాలామంది. అలా కాదు, వాడేకొద్దీ పీపాలో సారం తగ్గిపోతుంది. ఉదాహరణకు, కనీసం 2 ఏళ్లు పీపాలో ఉండాల్సిన గ్రాన్ రిసర్వా అనే రకం రియోహా వైన్‌ను పాత పీపాల్లో ఉంచితే తోలు, ఎండుపళ్ల వాసనలే ముందుకొస్తాయి. కొత్త పీపాలో ఏడాదే ఉన్న క్రియాన్సా అనే రకంలో మాత్రం వెనిలా గుప్పుమంటుంది.