ఎముక ఖాళీ పూడ్చడానికి కార్బన్ నానోఫైబర్లు వచ్చాయా?

ప్రశ్న: బైక్ ప్రమాదంలో మా తమ్ముడికి మోకాలి కింది ఎముక విరిగి, కొంత ముక్క పోయింది. రాడ్ వేశారు. ఖాళీ పూడ్చడానికి తుంటి ఎముక నుంచి కొంత తీసి పెట్టాలని డాక్టరుగారు అంటున్నారు. కార్బన్ నానోఫైబర్లకు (అతి సన్నని కార్బన్ పోగులకు) బయోసెరామిక్ రేణువులు జోడించి ఎముకను పెంచుతున్నారని చదివాను. అది హైదరాబాద్‌లో దొరుకుతుందా? దాని కోసం కొన్నాళ్లు ఆగవచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఆగవద్దమ్మా. మీరు చదివింది అబద్ధం కాదు గానీ, అది ఇంకా ప్రయోగశాల దాటని పని. హైదరాబాద్‌లోనే కాదు, ఎక్కడా ఆసుపత్రుల్లో వాడుకకు రాలేదు. మీ డాక్టరుగారు చెప్పిన పద్ధతిలో రోగి సొంత ఎముకే వెళ్తుంది కనుక, బతికున్న కణాలూ, పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్లూ దానితోపాటే చేరతాయి. తీసిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండడం, కావలసినంత ఎముక దొరకకపోవడం దాని లోపాలు. పరిశోధకులు కృత్రిమ పదార్థాల వెంట పడడానికి కారణం ఇదే.

ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్. మిగిలినదానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు. ఆ ఖనిజాన్ని పోలినవే బయోసెరామిక్‌లు. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ తయారుచేసిన బయోగ్లాస్‌ కూడా ఈ కోవలోనిదే. అందులో 45 శాతం సిలికా ఉంటుంది. శరీర ద్రవాలు తగిలినప్పుడు ఈ గాజు మెల్లగా కరుగుతూ, తన ఉపరితలం మీద ఎముక ఖనిజం వంటి పొరను ఏర్పరచుకుంటుంది. కొత్త ఎముక ఆ పొరకు అతుక్కుంటుంది. అయితే గాజు గాజే, పెళుసుగా ఉంటుంది.

ఆ పెళుసుతనానికి విరుగుడుగా కార్బన్ పోగును తెచ్చారు. స్వెటర్లలో వాడే ఆక్రిలిక్ ఉన్నికి మూలమైన పాలీఆక్రిలోనైట్రైల్‌ను ద్రావణంగా చేసి, అందులోనే సిలికాన్, కాల్షియం, ఫాస్ఫరస్ సమ్మేళనాలు కలుపుతారు. వేల వోల్టుల విద్యుత్తు పెట్టిన సూది మొన నుంచి ఆ ద్రావణం సన్నని పోగుగా సాగి, తెల్లని గుడ్డలా పేరుకుంటుంది. దాన్ని ముందు గాలిలో 250 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు, తర్వాత నైట్రోజన్‌లో 1000 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేస్తే, గుడ్డ గోధుమరంగుకు తిరిగి చివరికి నల్లబడుతుంది. కలిపిన సమ్మేళనాలు గాజు రేణువులుగా మారి, పోగు ఒంటి మీద మొలిచినట్టు పైకి తేలుతాయి. పోగు మందం కొన్ని వందల నానోమీటర్లు, అంటే కొల్లాజెన్ పోగుల స్థాయే కాబట్టి, కణాలు దాన్ని సులువుగా పట్టుకుంటాయి.

నా అనుమానమంతా కార్బన్ మీదే. గోడ లేచాక పరంజా విప్పేస్తారు. ఇక్కడ గాజు కరిగిపోతుంది గానీ, కార్బన్ ఎముకలోనే ఉండిపోతుంది. అది విరిగి చిన్న తునకలైతే ఎటు పోతుందన్నది తేలాలి. ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు పీల్చే గాలిలో కార్బన్ నానోఫైబర్లు ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2013లో సూచించింది. అది ఊపిరితిత్తులకు సంబంధించిన హెచ్చరికే అయినా, ఈ తునకలను తేలిగ్గా తీసుకోకూడదని చెబుతోంది. మరో చిక్కు కూడా ఉంది: ఈ గుడ్డ నేత బాగా బిగువు. కొత్త ఎముక, రక్తనాళాలు లోపలికి పాకాలంటే 100 మైక్రాన్లకు (మిల్లీమీటరులో పదో వంతుకు) పైబడిన రంధ్రాలు కావాలి. పల్చని పొరగా పనికొచ్చినా, కాలి ఎముకలో పడిన ఖాళీకి ఇది చాలదు.

కార్బన్ అనగానే మన ఊళ్లో చాలామందికి అబ్దుల్ కలాం గారి చొరవతో నిమ్స్‌లో పిల్లలకు ఇచ్చిన తేలికపాటి కార్బన్ కాలిపర్లు (కాలికి ఊతంగా తొడిగే పట్టీలు) గుర్తొస్తాయి. మూడు కిలోల బరువు 300 గ్రాములకు దిగింది, గొప్ప విషయమే. కానీ వాటిని పైన తొడుక్కుంటారు, వద్దనుకుంటే విప్పేస్తారు.

మీ తమ్ముడి విషయంలో డాక్టరుగారిని ఒకటి అడగండి: తుంటి ఎముకతో పాటు బయోసెరామిక్ గుళికలు కూడా కలిపితే, తీయాల్సిన ఎముక తగ్గుతుందా? ఆ గుళికలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. ఎవరైనా ‘నానో’ పేరు చెప్పి అదనంగా డబ్బు అడిగితే, ఆ ఇంప్లాంట్‌కు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన లైసెన్సు వివరాలు చూపమనండి. తమ్ముడికి సిగరెట్ అలవాటుంటే ఆపరేషన్‌కు ముందే మానిపించండి. అది ఎముక అతకడాన్ని బాగా ఆలస్యం చేస్తుంది.