బీచ్ స్పోర్ట్స్ క్లబ్ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ క్లబ్ చరిత్ర రాసే పని మీకు అప్పగించారని, సరైన రికార్డులు లేవని, పాతవాళ్లు తలో మాట చెబుతున్నారని రాశారు. ఒక బీచ్ వాలీబాల్ క్లబ్‌కి నేనూ ఈ పని చేసిపెట్టాను కాబట్టి చెబుతున్నా: పాతవాళ్లతో మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు, ముందు సామాన్ల గది తాళం తీయించండి. పాత నెట్లు, స్తంభాలు, కోర్టు లైన్లకి వాడే పట్టీలు, స్కోరు పుస్తకాలు అన్నీ బయట పరవండి. ఆట నియమాలు మారినప్పుడల్లా ఎంతోకొంత సామానూ మారింది. అందుకే మనుషులు మర్చిపోయిన సంగతులు అక్కడ దొరుకుతాయి.

మాకు బాగా పనికొచ్చింది ఒక స్కోరు పుస్తకం. తేదీ, నెల రాశారు గానీ సంవత్సరం ఎక్కడా వేయలేదు. మొదట్లో 15-11, 15-13 అంటూ సాగిన స్కోర్లు ఒకచోట నుంచి, అదే చేతిరాతలో, 21-18, 21-19 అయిపోయాయి. పాత పద్ధతిలో సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు, ఆట 15కి. 2001లో ఎవరు సర్వీస్ చేసినా ప్రతి ర్యాలీకీ (సర్వీస్ నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటకి) పాయింటు, సెట్టు 21కి అనే పద్ధతి వచ్చింది. అంటే ఆ పేజీ నుంచి ఉన్నవన్నీ 2001కి ఇటువైపువే. కానీ మూడో సెట్టు ఇప్పటికీ 15కే ఆడతారు, కాబట్టి ఒక్క 15 చూసి తొందరపడొద్దు.

కోర్టు కూడా అప్పుడే 18 × 9 మీటర్ల నుంచి 16 × 8కి తగ్గింది. ఫోటోల్లో చూసి ఈ తేడా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే రెండిట్లోనూ పొడవు వెడల్పుకి రెట్టింపే. పట్టీలనే పరిచి టేపుతో కొలవాలి. 16 వస్తే ఆ పట్టీలు కొత్త నియమం వచ్చాక కొన్నవనుకోవచ్చు. 18 వస్తే మాత్రం ఏమీ తేలదు. పట్టీలు తెగేదాకా పాత కొలతలతోనే ఆడే క్లబ్బులు ఉంటాయి, కొత్తవి కొనాలంటే కమిటీ ఎన్ని మీటింగులు పెడుతుందో మీకు తెలియంది కాదు.

మా స్తంభం మీద రెండు గీతలున్నాయి. పైది 2.43 మీటర్ల దగ్గర, మగవాళ్ల నెట్ ఎత్తు. దాని కింద 2.24 దగ్గర వేరే రంగు పెయింటుతో, కాస్త వంకరగా, ఇంకొకటి. "మా దగ్గర ఆడవాళ్లు మొదట్నుంచీ ఆడేవారు" అని అందరూ అనేవారు. మరి ఈ గీత తర్వాత ఎందుకు వేశారని అడిగితే గానీ అసలు సంగతి బయటికి రాలేదు. మొదట్లో ఆడవాళ్లు మగవాళ్ల నెట్‌తోనే సర్దుకున్నారట, అదీ కోర్టు ఖాళీగా ఉన్నప్పుడు. విసిగిపోయి వాళ్లే కొలిచి పెయింటు వేశారు. మా పుస్తకంలో అన్నిటికంటే మంచి పేజీ అదే.

అందుకే పాతవాళ్ల దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి, ఏదో ఒక వస్తువు పట్టుకెళ్లండి. "క్లబ్ ఎలా మొదలైంది?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "ఈ గీత ఎవరు వేశారు?" అంటే పేర్లు వస్తాయి.

స్థాపించిన సంవత్సరం మీద గొడవ ఖాయం. ఆస్ట్రేలియాలో బాండై, బ్రాంటే సర్ఫ్ లైఫ్ సేవింగ్ క్లబ్బులు (సముద్రంలో మునిగేవాళ్లని కాపాడేవి) దగ్గర దగ్గర బీచ్‌లవే అయినా మొదటిది మాదంటే మాదని ఇప్పటికీ వాదించుకుంటాయి. మీరు తీర్పు చెప్పకండి. మొదట ఆడిన సంవత్సరం, రిజిస్టర్ అయిన సంవత్సరం, రెండూ రాసి ఏది ఏదో చెప్పండి. ఆట కూడా తర్వాత వచ్చి చేరి ఉండొచ్చు: హవాయిలో వైకీకీ బీచ్‌లోని ఔట్‌రిగర్ కెనూ క్లబ్ 1908లో పడవలు, సర్ఫింగ్ కోసం పుట్టింది, వాలీబాల్ తర్వాతి సంగతి.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బీచ్ వాలీబాల్‌కి పతకాలు మొదలయ్యాయని ఒక పేరా పెట్టాలని చాలామందికి ఉంటుంది. ఆ తర్వాత మీ సభ్యత్వ రిజిస్టర్‌లో కొత్త పేర్లు పెరిగితే పెట్టండి, లేకపోతే తీసేయండి. దానికి బదులు పొద్దున్నే వచ్చి నెట్ కట్టేవాళ్ల గురించి రాయండి, వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.

ఫోటోల్లో ఉన్నవాళ్లెవరో ఇప్పుడే అడిగి వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయించండి. పెన్ను వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది.