ఎద్దుకీ గాడిదకీ దక్కిన సెలవు

ప్రశ్న: నేను నర్సుని. నెలలో రెండు ఆదివారాలు డ్యూటీ పడుతుంది. విశ్రాంతి దినాన్ని మీరుతున్నానని మావారు ముఖం ముడుచుకుంటారు. డ్యూటీ లేని ఆదివారం అందరినీ తయారుచేసి ఆరాధనకు వెళ్లడం, తిరిగొచ్చాక వెంట వచ్చినవాళ్లకు వంట, సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. పిల్లల్ని ఆ రోజు ఆడుకోనివ్వరు, పాఠ్యపుస్తకం ముట్టనివ్వరు. శనివారం రాత్రి నుంచే నాకు గుబులు మొదలవుతుంది. దేవుని దినమంటే ఇలా అనిపించడం పాపమా?

జవాబు: పాపమా అని అడిగారు గానీ, అలసిపోయానని ఎక్కడా రాయలేదమ్మా. నాకు కనిపించింది ముందు అదే.

పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల ఉన్నాయి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో, దేవుడు ఆరు రోజుల్లో సృష్టిచేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి మీరూ విశ్రమించండి అని ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం వేరు. ఐగుప్తులో (ఈజిప్టులో) మీరు బానిసలుగా ఉన్నారు, అది గుర్తుంచుకోండి అని ఇశ్రాయేలీయులతో అంటుంది. మీలాగే మీ దాసుడూ దాసీ కూడా విశ్రమించాలి అంటుంది. కొడుకు, కూతురు, పనివాళ్లు, ఎద్దు, గాడిద, ఇంట ఉన్న పరదేశి, అందరూ ఆ జాబితాలో ఉన్నారు. భార్య అన్న మాట విడిగా లేదు, నిజమే. అంతమాత్రాన ఎద్దుకీ గాడిదకీ దక్కింది ఇల్లాలికి దక్కకూడదని కాదు కదా! మీ ఇంట్లో విశ్రాంతి దినం జరుగుతోంది, కానీ మీ రెక్కల మీద జరుగుతోంది. మీరు ఆజ్ఞ మీరడం లేదు. అది మీదాకా రానేలేదు.

ఇక డ్యూటీ. పద్దెనిమిదేళ్లుగా నడుం వంగిపోయిన స్త్రీని యేసు బాగుచేసింది విశ్రాంతి దినానే (లూకా 13). స్వస్థత కావాలంటే మిగతా ఆరు రోజుల్లో రండి అని సమాజమందిరపు అధికారి కోప్పడ్డాడు. మీ ఎద్దునో గాడిదనో ఆ రోజు విప్పి నీళ్లకు తోలుకెళ్లరా అని యేసు తిరిగి అడిగాడు. రోగి దగ్గర నిలబడే మీకు ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

ఆదివారం సెలవు మొదటినుంచీ లేదు. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ అధికారి ప్లినీ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకునేవారని ఉంది; అంటే అది వాళ్లకు పనిరోజే అయ్యుండాలి. ఆదివారం పనులు మానమని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ శాసనం వచ్చింది 321లో. అందులోనూ వ్యవసాయం చేసేవాళ్లకు మినహాయింపు ఇచ్చాడు. శనివారమా ఆదివారమా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు; ఎవరి మనసులో వారు రూఢిపరచుకోవాలని పౌలు రోమీయులకు రాసి ఊరుకున్నాడు, నేనూ ఊరుకుంటాను.

మీవారిని మాత్రం శత్రువుగా చూడకండి. ఈ వారం డ్యూటీ, వచ్చేవారం ట్యూషన్ అంటూ ఒక్కొక్కటిగా వదిలేస్తే చివరికి ఏమీ మిగలదని ఆయన భయం. అందులో నిజముంది. అయితే ఎరిక్ లిడెల్ సంగతి ఆయనకు చెప్పండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్ ఆదివారం పడ్డాయని 100 మీటర్ల పరుగునే వదులుకున్న మనిషి ఆయన. తర్వాత చైనాలో జపానువాళ్ల నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, ఆదివారం హాకీ ఆటలో పిల్లలు కొట్టుకుంటుంటే తానే రిఫరీగా దిగాడు. తన పరుగు విషయంలో అంత గట్టిగా ఉన్నవాడు పిల్లల దగ్గర ఎందుకు సడలించుకున్నాడో మీ ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. హోంవర్కు శనివారమే ముగించాలన్న నియమం మంచిదే, ఉంచండి. ఆటని మాత్రం ఆపకండి.

మాట్లాడేది ఆదివారం సాయంత్రం కాదు. మీ ఒళ్లు అలసి ఉంటుంది, ఆయన నోట వాక్యం సిద్ధంగా ఉంటుంది. మామూలు రోజు చూసుకుని రెండే అడగండి. మొదటిది, ఆదివారం వంట ముందురోజే కావాలి, అదీ అందరి చేతులూ పడి. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా కూడా ఆరో రోజున రెండింతలు దొరికేది, ఏడో రోజున ఏరుకునే పనే ఉండేది కాదు. రెండోది, కూడిక ఇళ్లు మారాలి. ఇది పాస్టర్ గారికి మీవారే చెప్పాలి. మీరు చెబితే భక్తి తగ్గిందంటారు, ఆయన చెబితే ఏర్పాటు అంటారు. అన్యాయమే, కానీ పని జరగడం ముఖ్యం.

ఈ మార్పులు జరిగి, నిద్ర తీరాక కూడా ఆ గుబులు పోకపోతే అది భక్తికి సంబంధించింది కాకపోవచ్చు. డాక్టరుకు చూపించుకోండి. ఈ మాట మీ రోగులకు మీరే చెబుతుంటారు.

డ్యూటీ పడిన వారాల్లో వేరే రోజు వీక్లీ ఆఫ్ వస్తుంది కదా. ఆ రోజు బట్టలుతకడానికీ బ్యాంకు పనికీ ఇచ్చేయకండి. వచ్చే నెల డ్యూటీ చార్టు రాగానే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ రోజుల మీద గుర్తు పెట్టండి. పెన్ను ఆయన చేతికే ఇవ్వండి.