కాలు తిమ్మిరెక్కితే ఎప్పుడు బయలుదేరాలి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెల రోజులుగా ఎడమ కాలి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, మెట్లెక్కేటప్పుడు ఆ కాలు పట్టు తప్పుతోందని, డాక్టరుకు చూపించుకోవాలో ఆగాలో తేలడం లేదని రాశావు. మర్రిగూడ వైపు ఊళ్లలో ఏళ్ల తరబడి ఏఎన్‌ఎంగా తిరిగినదాన్ని కనుక ఒక మాట గట్టిగా చెప్పగలను. తిమ్మిరి ఎంత ఉందని కాదు, అది ఎలా మొదలైంది, ఎటు పాకుతోంది అన్నది చూడాలి. చేయి తల కింద పెట్టుకుని పడుకుంటే వచ్చే తిమ్మిరి విదిలించిన కాసేపటికి పోతుంది. దానికి బెంగ అక్కర లేదు.

ఉన్నట్టుండి ఒక పక్క చేయి, కాలు, ముఖం మొద్దుబారినా, మాట ముద్దగా వచ్చినా అది వేరే సంగతి. మీ పెద్దనాయనకు అలాగే వచ్చింది. పొద్దున చాయ్ తాగుతుంటే కుడిచేతిలో సాసర్ ఒరిగి చాయ్ ధోవతి మీద పడింది. చేయి మీద పడుకున్నానంటూ నవ్వబోతే మూతి ఒక పక్కే కదిలింది. అది నా కంటితో చూసి కూడా, పావురం రక్తంతో మర్దన చేయిద్దామన్న చుట్టాల మాటకు తలూపి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది ఎన్ని గంటలకు మొదలైందనే. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. మేము ఆ గడువు దాటించాము. ఆయన మళ్లీ ఆ చేత్తో అన్నం కలుపుకోలేదు. అందుకే చెబుతున్నాను, అలాంటప్పుడు గడియారం చూసి సమయం రాసుకుని వెంటనే 108కు ఫోన్ చేయాలి. మింగడం కష్టమై పొలమారవచ్చు కనుక నోట్లో నీళ్లు పోయకూడదు. స్కాన్ చేసి గడ్డ కట్టిందా, రక్తనాళం చిట్లిందా తేల్చేదాకా ఏ మాత్రా ఇవ్వకూడదు. పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా ఆ రోజే వెళ్లాలి, ఎందుకంటే అది రాబోయే పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు.

తెల్లవారేదాకా ఆగకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. జ్వరమో విరేచనాలో తగ్గిన కొన్నాళ్లకు రెండు కాళ్లలో సత్తువ పోయి అది రోజురోజుకూ పైకి పాకితే, చివరికి ఊపిరి కండరాల దాకా రావచ్చు. నడుము నొప్పితో పాటు కూర్చునే చోట స్పర్శ తగ్గి మూత్రం బిగుసుకుపోతే వెన్నులో నరాలు నలుగుతున్నట్లే. బావి దగ్గర నేల మీద పడుకున్న మనిషి కనురెప్పలు వాలిపోయి లేస్తే, కాటు కనపడకపోయినా కట్లపామును అనుమానించాలి.

నీది నెల రోజులుగా మెల్లగా సాగుతున్నది, ఒక్క కాలిదే కనుక నడుములో నరం నొక్కుకుని ఉండవచ్చు. అర్ధరాత్రి పరుగెత్తవలసినది కాదు, అలాగని వచ్చే నెలకు వాయిదా వేసేదీ కాదు. రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినట్లు మొద్దుబారితే మొదట షుగరు చూస్తారు. చెప్పు జారిపోయినా తెలియక ఉత్త పాదంతో ఇంటికొచ్చి, అరికాలి పుండు నేను చూపించేదాకా గమనించని మనుషులు నాకు తెలుసు. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లుగా వాడేవారికి బి12 తగ్గి కూడా తిమ్మిర్లు వస్తాయి. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే దాచకు. కుష్టుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగావో కూడా డాక్టరుకు చెప్పు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, అంతకంటే బాగా ఎక్కువైతే ఎముకలు కూడా దెబ్బతింటాయి. మన ప్రాంతంలో ముదిరిన ఫ్లోరోసిస్‌తో వెన్నెముకలో ఎముక పెరిగి, వెన్నుపామును నొక్కి కాళ్లు బిగుసుకుపోయిన వాళ్లను నేను చూశాను.

ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని గ్లూకోజు ఎక్కిస్తే రెండు రోజులు హాయిగా అనిపిస్తుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది. ఈ రాత్రి గోడ పట్టుకుని మడమల మీద నాలుగు అడుగులు, మునివేళ్ల మీద నాలుగు అడుగులు వేసి చూడు; ఎడమ పాదం పైకి లేవడం లేదనిపిస్తే రేపే వెళ్లు. లేస్తుంటే సోమవారం పరగడుపున బయలుదేరి నల్లగొండలో నరాల డాక్టరుకు చూపించుకుని, ఆయన ఏమన్నారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ